సోమవారపు రాత్రి గోష్ఠి

మద్యశాల యనగానే మన యిండ్లలో స్త్రీలు ముఖము త్రిప్పుకొందురు. అది అకారణము కాదు. ఆ గుమ్మము దాటిన పురుషుని జీతము ఇల్లు చేరకపోవుటయు, పిల్లల పుస్తకములకై దాచిన రూకలు సీసాల పాలగుటయు ఎఱుగని వీధి మన దేశమున లేదు. అట్టి మద్యశాలను గూర్చి గృహిణులు చదువుకొను పత్రికలో వ్రాయబూనుట సాహసమే యని మాకును తెలియును. అయినను ఒక ప్రశ్న మమ్ము విడువకున్నది. అమెరికాలోని నల్లజాతివారు ప్రపంచమునకు ప్రసాదించిన జాజ్, బ్లూస్ అను సంగీతరీతులు చాలవఱకు గొప్ప కళాశాలలలో గాక, పేటలోని చిన్న మద్యశాలలలో, వారమునకొక రాత్రి జరిగెడి గోష్ఠులలో పెరిగినవి. ఆ పెంపకమునకు కారణము అచ్చటి మద్యమా? లేక మఱియొకటియా? మఱియొకటి యైనచో దానిని వేఱుచేసి చూచుట యెట్లు? ఈ వ్యాసమున దీనినే విచారింపదలచితిమి.

ఇట్టి గోష్ఠిని వారు జామ్ సెషన్ అందురు. కచేరీకిని దీనికిని భేదము కలదు. కచేరీలో ఎవరు పాడవలెనో, ఏమి పాడవలెనో ముందుగనే నిశ్చయమై యుండును. జామ్ సెషన్‌లో వచ్చినవారే విద్వాంసులు, తోచినదే పాట. ఆ శాలలో స్థిరముగా కుదురుకొన్న చిన్న వాద్యబృంద మొకటి యుండును. పియానో, నిలువెత్తు తంత్రీవాద్యమైన బాసు, డ్రమ్ములు — సాధారణముగా ఈ మూడే దానికి మూలస్తంభములు. వారు మొదట ఒకటి రెండు పాటలు వాయించి సభను కుదుటపఱతురు. పిదప గోష్ఠి నడుపువాడు తన యొద్ద పేర్లు చెప్పుకొన్నవారిని ఒక్కొక్కరిగా వేదికకు పిలుచును. అట్లు వచ్చినవాడు దేశమెల్ల పేరు మోసిన విద్వాంసుడు కావచ్చును. పగలెల్ల కర్మాగారమున పనిచేసి సాయంకాలము సాక్సోఫోను చంకబెట్టుకొని వచ్చిన కూలివాడు కావచ్చును. వారు కలిసి అభ్యసించినవారు కారు. ఒక్కొక్కప్పుడు ఒకరి పేరొకరికి తెలియదు. పాట పేరును శ్రుతిని చెప్పుకొని, కాలితో లయ తట్టి, ఆరంభింతురు.

ఇట్టిచోట గందరగోళము కాక సంగీతమెట్లు పుట్టునని మీరడుగవచ్చును. నియమములు వ్రాసి గోడకు అంటింపకపోయినను అందఱికిని తెలిసియే యుండును. మొదట అందఱును కలిసి పాట వరుసను వాయింతురు. తరువాత ఒక్కొక్కరు వంతు పుచ్చుకొని, ఆ పాట చట్రమును దాటక, తమ మనోధర్మము కొలది క్రొత్త స్వరములల్లుదురు. ఒకరు వాయించునపుడు తక్కినవారు చెవి యొగ్గి, ఆతనికి ఆధారము నిత్తురు. చివర డ్రమ్ములవానితో నాలుగేసి కొలతల సంవాదము నడపి, మరల మొదటి వరుసకు వచ్చి ముగింతురు. తనవంతు ముగిసినను వేదిక విడువనివానిని, ఇతరులను విననివానిని మరల పిలుచుటకు ఎవరును తొందరపడరు. వినుట తెలియనివానికి వాయించుట రాదను మాట అచ్చట ప్రతి పాటయందును ఋజువగుచుండును.

బ్లూస్ అను పాట చట్రము మిక్కిలి చిన్నది. ఒక్కొక్కటి నాలుగు దెబ్బలు గల పండ్రెండు కొలతలు. అనగా మొత్తము 48 దెబ్బలు. అందు మూడు పాదములు. మొదటి పాదమున గాయని తన కష్టమును చెప్పును. రెండవ పాదమున దానినే, కొంచె మటునిటుగా, మరల చెప్పును. మూడవ పాదమున దానికి సమాధానమో, ఎత్తిపొడుపో, నిట్టూర్పో వచ్చును. ప్రతి పాదమునందును సగము గాత్రమునకు, సగము వాద్యమునకు. పాడినదానికి వాద్యము బదులు పలుకును. దీనికి ఆధారమైనవి షడ్జమ, మధ్యమ, పంచమముల మీద నిలిచిన మూడు స్వరసముదాయములు మాత్రమే. ఇంత చిన్న చట్రము కనుకనే, ఎఱుగనివాడు సైతము ఒక రాత్రి కూర్చుండి వినినచో దాని దారి పట్టుకొనగలడు. ఎంత యెఱిగినవానికిని దానిలో చెప్పుటకు ఇంకను మిగిలియుండును. తలుపు వెడల్పు, లోపలి యిల్లు లోతు. గోష్ఠికి ఇంతకంటె తగిన పాట యుండదు.

ఈ పాటను లోకమునకు వినిపించిన వారిలో స్త్రీలే ముందున్నారను సంగతి మన సోదరీమణులు గమనింపదగినది. 1920వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన న్యూయార్కులో మేమీ స్మిత్ అను నల్లజాతి గాయని పాడిన 'క్రేజీ బ్లూస్' అను రికార్డు విశేషముగా అమ్ముడుపోవుటచేతనే, నల్లజాతివారి పాటలను కొనువారున్నారని రికార్డుల కంపెనీలకు తెలియవచ్చెను. బెస్సీ స్మిత్ 1923లో మొదట పాడిన రికార్డులలో పేరుగన్న 'డౌన్‌హార్టెడ్ బ్లూస్' అను పాటను కూర్చినవారు ఆల్బర్టా హంటర్, లవీ ఆస్టిన్ అను నిద్దఱు స్త్రీలు. దాసీలుగను, చాకలిపని చేసికొనువారుగను బ్రతుకు నీడ్చుచున్న స్త్రీలు తమ కష్టములను తమ భాషలో బహిరంగముగా చెప్పుకొనుటకు బ్లూస్ దారి తీసెను. కాని వేదికపై నిలిచి పాడు స్త్రీకి చప్పట్లు కొట్టిన లోకమే, పియానో ముందు గాని డ్రమ్ముల వెనుక గాని కూర్చుండదలచిన స్త్రీని అనుమానముతో చూచెను. గాత్రము స్త్రీది, వాద్యము పురుషునిది అను విభజన గోష్ఠులయందు బలముగా నుండెను. ఈ సంగతికి మరల వత్తుము.

న్యూయార్కు నగరమున హార్లెమ్ అను పేట నల్లజాతివారికి నిలయము. ఆ పేటలోనే వెలసిన కాటన్ క్లబ్ అను ప్రసిద్ధ వినోదశాలలో వేదికమీది కళాకారులు నల్లవారు, ఎదుట కూర్చుండువారు మాత్రము తెల్లవారు. తమ వీధిలో తమ పాట వినుటకు తమకే ప్రవేశము లేని కాలమది. అట్టి హార్లెమ్‌లో, 118వ వీధియందు, సెసిల్ హోటలు క్రిందిభాగమున 1938లో హెన్రీ మింటన్ అను సాక్సోఫోను విద్వాంసుడు ఒక శాల తెరచెను. దానిని మింటన్స్ ప్లేహౌస్ అనిరి. ముందు మద్యము త్రాగు బల్ల, వెనుక చిన్న గది, ఆ గది చివర వేదిక. అంతకు మించిన వైభవ మేమియు లేదు.

మింటన్ గారికి మఱియొక హోదా కలదు. న్యూయార్కు వాద్యకారుల సంఘమున ప్రతినిధి పదవి నందిన మొదటి నల్లజాతివాడు ఆయనయే. ఇది చిన్న సంగతి కాదు. కూలి లేకుండ వాయించుట కూలికి వాయించువారి పొట్ట గొట్టునని ఆ సంఘమువారు జామ్ సెషన్లను నిషేధించి, పట్టుబడినవారికి జరిమానా విధించుచుండిరి. మింటన్ గారి శాలలో ఆయన పలుకుబడిచేత ఆ భయము లేకుండెను. 1940 ప్రాంతమున ఆయన టెడ్డీ హిల్ అను మఱియొక వాద్యకారుని నిర్వాహకునిగా నియమించెను. హిల్ గారు స్థిరబృందముగా కుదిర్చినవారు థెలోనియస్ మంక్ పియానోకు, కెన్నీ క్లార్క్ డ్రమ్ములకు, నిక్ ఫెంటన్ బాసుకు, జో గై ట్రంపెటుకు.

దగ్గఱనే అపోలో నాటకశాల యుండెను. అచ్చటి కళాకారులకు సోమవారము సెలవు. కావున ప్రతి సోమవారము రాత్రియు హిల్ గారు వారిని పిలిచి, ఉచితముగా భోజనము పెట్టి, అటుపై వేదిక నొప్పగించుచుండిరి. వారమెల్ల యజమానుడు చెప్పిన పాటను, నృత్యము చేయువారి కాళ్లకు తగినట్లు వాయించి విసిగినవారికి, ఆ యొక్క రాత్రి తమకు తోచినది వాయించుకొను స్వాతంత్ర్యము లభించెను. కడుపునిండ అన్నము, మందలించు యజమానుడు లేని వేదిక, తప్పొప్పు లెఱిగిన శ్రోతలు — ఈ మూడును ఒక్కచోట కూడినవి. ట్రంపెటుతో డిజ్జీ గిలెస్పీయు, సాక్సోఫోనుతో చార్లీ పార్కరును, విద్యుత్తు గిటారుతో చార్లీ క్రిస్టియనును వచ్చుచుండిరి. చిత్రమైన క్రొత్త స్వరసముదాయములు, ఊపిరి సలుపనీయని వేగము, లయలో ఊహింపని చోట్ల దెబ్బలు — వీనినుండి బీబాప్ అను నూతనరీతి రూపొందెను. 1941లో జెర్రీ న్యూమన్ అను విద్యార్థి తన రికార్డింగు యంత్రమును మోసికొనివచ్చి ఆ శాలలో కొన్ని రాత్రుల వాద్యమును పళ్లెములపై నెక్కించెను. ఆతని పుణ్యమున నేటికిని ఆ గోష్ఠిని వినగలుగుచున్నాము.

ఆ వేదిక కరుణ లేనిదియు. అపరిపక్వులను దింపివేయుటకై కఠినమైన శ్రుతిలో పాట నెత్తుకొనుట అచ్చటివారికి వాడుక. ఇట్టి పరీక్ష అంతకు ముందే చార్లీ పార్కరుకు కాన్సస్ సిటీ నగరమున తగిలియుండెను. 1936లో, పదునైదు పదునాఱేండ్ల వయసున, ఆతడొక గోష్ఠిలో దారి తప్పగా, డ్రమ్ములు వాయించుచున్న జో జోన్స్ ఒక తాళపు బిళ్లను ఊడదీసి ఆతని పాదములయొద్ద విసరివైచెను. సభ నవ్వెను. బాలుడు తలవంచుకొని వెడలిపోయెను. మఱుసటి వేసవిలో నగరము విడిచి, కొండప్రాంతమున కొలువు చేయుచు, రికార్డులు ముందిడుకొని రాత్రింబవళ్లు సాధన చేసెను. తిరిగి వచ్చినవాని నెవ్వరును నవ్వలేదు. అవమాన మందఱిని విద్వాంసులను చేయునని మేము చెప్పజాలము. నలిగిపోయినవారి పేర్లు చరిత్రలో నుండవు. కాని ఓడినవానికి మఱు వారము తలుపు తెఱచియుండుట యన్నది గోష్ఠి యొక్క గొప్ప గుణము.

ఆ కాన్సస్ సిటీలోనే అదే దశాబ్దమున జరిగిన మఱియొక కథ కలదు. అచ్చట మేరీ లూ విలియమ్స్ అను పియానో విదుషి నివసించుచుండెను. 1910లో అట్లాంటాలో పుట్టి, పిట్స్‌బర్గులో పెరిగి, బాల్యముననే చెవితో విని పియానో నేర్చి, ఆండీ కర్క్ వాద్యబృందమునకు వాయించుటయే గాక పాటల నమర్చుటయు ఆమె పని. ఒకనాటి తెల్లవారుజామున నాలుగు గంటలవేళ ఆమె కిటికీ తెరను ఎవరో గీకిరి. చూడగా బెన్ వెబ్‌స్టర్ అను సాక్సోఫోను విద్వాంసుడు. ఆ రాత్రి పొరుగూరినుండి వచ్చిన కోల్‌మన్ హాకిన్స్ అను మహావిద్వాంసుని స్థానికులు పోటీలో చుట్టుముట్టిరి, ఆయన లొంగడు, పియానో వాయించువారందఱును అలసి కూలబడిరి, కావున లేచి రమ్మని ఆమెను పిలువవచ్చెను! ఆమె వెళ్లెను. ఈ సంగతిని ఆమెయే 1954లో ఒక సంగీతపత్రికకు చెప్పెను. స్త్రీని పియానో ముందు చూచి అనుమానించిన లోకమే, అలసినవేళ ఆమె కిటికీ తట్టెను. ఇందు గౌరవమును కలదు, చురుకును కలదు.

1940లలో ఆమె న్యూయార్కు చేరి, రాత్రులందు కేఫ్ సొసైటీ అను శాలలో వాయించుచు, హార్లెమ్‌లోని హామిల్టన్ టెరస్ అను వీధిలో కాపురముండెను. మింటన్ శాలకును ఆమె వెళ్లుచుండెను. అచ్చటి యువకుల క్రొత్త రీతిని పెద్దలు పలువురు పరిహసించుచుండగా ఆమె శ్రద్ధతో వినెను. క్రమముగా ఆ యువకులే ఆమె యింటికి రాసాగిరి. మంక్, బడ్ పవెల్, టాడ్ డామరన్, గిలెస్పీ మొదలగువారు తమ కొలువులు ముగించుకొని వేకువజామున ఆమె గదిలో పియానో చుట్టు చేరి, క్రొత్తగా కట్టిన పాటలను వినిపించి, ఆమె సలహా నందుచుండిరి. ఆమె వారికి వండిపెట్టెను, తప్పులు దిద్దెను, నచ్చినదానిని తానును నేర్చుకొనెను. 1945లో ఆమె రచించిన 'జోడియాక్ సూట్' అను పండ్రెండు రాశుల సంగీతమాలిక, వారమునకొకటిగా ఆమె రేడియో కార్యక్రమమున వినిపించినదే.

పైన మేమడిగిన ప్రశ్నకు సమాధానము ఈ గదిలో దొరకుచున్నదని మా యభిప్రాయము. మద్యశాలలో జరిగిన పనియే ఇంటిలోను జరిగెను. అచ్చట విద్య నిలిచినది మద్యముచేత కాదు. తలుపు తెఱచి యుంచువా రొకరుండుట, ఫలానా వేళ ఫలానా చోట అని నిశ్చయముండుట, వచ్చినవారికి ఇంత అన్నముండుట, చిన్నవాడు పెద్దవానిప్రక్క కూర్చుండి వాయింపగలుగుట — నిలిపినవి ఇవియే. మద్యము ఆ గదికి అద్దె చెల్లించినదే గాని విద్య చెప్పలేదు.

అద్దె వసూలు చేసినదనుట మఱింత నిజము. చార్లీ క్రిస్టియన్ 1942లో క్షయరోగముచే 25వ యేట మరణించెను. మాదకద్రవ్యములకును మద్యమునకును బానిసయైన చార్లీ పార్కర్ 1955లో మరణించునాటికి 34 ఏండ్లవాడు. 1951లో మంక్ గారు వినోదశాలలలో వాయించుటకు కావలసిన అనుమతిపత్రమును పోగొట్టుకొని ఆఱేండ్లు న్యూయార్కు వేదికలకు దూరముకాగా, ఆయన భార్య నెల్లీ ఉద్యోగము చేసి సంసారమును నెట్టుకొనివచ్చెను. విద్వాంసుల చరిత్రలలో ఇట్టి గృహిణుల పేర్లు చిన్న అక్షరములలో నుండును. మేరీ లూ విలియమ్స్ గారు 1954లో కొంతకాలము వాద్యమును విడిచి, వ్యసనములచే చెడిన వాద్యకారులను తన యింట నుంచుకొని పోషించెను. వారి సహాయార్థము ఒక సంస్థ నెలకొల్పి, పాతవస్తువుల దుకాణము నడపెను. గోష్ఠి యొక్క సౌఖ్య మెఱిగిన ఆమెకు దాని వెల కూడ తెలియును.

మద్యశాలను స్త్రీయే నడపినచో నెట్లుండును? దానికిని ఉదాహరణము కలదు. 20వ శతాబ్దమున సుమారు 60 లక్షల నల్లజాతివారు దక్షిణరాష్ట్రముల దుర్భరస్థితిని తప్పించుకొని ఉత్తరనగరములకు వలసపోయిరి. అట్లు మిసిసిపీనుండి చికాగో చేరిన థెరెసా నీడమ్ అను స్త్రీ 1949లో ఇండియానా వీధియందు ఒక పెద్ద యింటి నేలమాళిగలో చిన్న శాల తెఱచెను. మెట్లు దిగి పోవలెను. పైకప్పు తలకు దగ్గఱ. వేదిక మూలనున్న కొంచెము చోటే. కర్మాగారములలో పనిచేయు ఇరుగుపొరుగువారే అచ్చటి శ్రోతలు. జూనియర్ వెల్స్ హార్మోనికా వాయించుచు, పాడుచు చిరకాలము అచ్చట నిలిచెను. గిటారు విద్వాంసుడు బడ్డీ గై యు అచ్చట వాయించెను. సోమవారములందు జరుగు గోష్ఠికి 'బ్లూ మండే' అని పేరు. మొదటిసారి వచ్చిన కుఱ్ఱవానికిని వంతు దొరకెడిది. థెరెసమ్మ అదుపు కఠినమని, ఆదరము తల్లివంటిదని పేరు; చికాగో బ్లూస్‌కు ధర్మమాత యని ఆమెను పిలిచిరి. 1983లో ఆ యింటి అద్దె ఒడంబడిక పోయి శాల వేఱొకచోటికి మాఱి, కొలది యేండ్లలో మూతపడెను. 1992లో ఆమె మరణించెను.

మింటన్ శాలయు 1974లో మూతపడి, 2006లోను, 2013లోను మరల తెఱవబడెను. బాస్టన్ నగరమున బార్బడోస్ దీవినుండి వచ్చిన జోసెఫ్ వాల్కాట్ 1947లో స్థాపించిన వాలీస్ కేఫ్ ఆయన వంశీకుల చేతిలో నిలిచి, సంగీతవిద్యార్థుల గోష్ఠులకు పేరుగాంచినది. ఇప్పుడు జాజ్ సంగీతమును కళాశాలలలో బోధించుచున్నారు. అయినను గురువులు శిష్యులను గోష్ఠులకు పొండనియే పంపుదురు. ఇతరులను వినుచు, అప్పటికప్పుడు బదులు పలుకుట పుస్తకమున దొరకదు గదా! స్త్రీల సంగతి మాత్రము పూర్తిగా చక్కబడలేదు. ఆ బాస్టన్‌లోనే బర్క్‌లీ కళాశాలయందు డ్రమ్ముల విదుషి టెరీ లిన్ క్యారింగ్టన్ 2018లో జాజ్ రంగమున స్త్రీపురుష న్యాయము కొఱకు ఒక ప్రత్యేక సంస్థను స్థాపింపవలసి వచ్చెననగా, వేదికపై వంతు కొఱకు స్త్రీలు ఇంకను నిరీక్షించుచున్నారనియే యర్థము.

సోదరీమణులారా! మద్యశాలను మెచ్చుకొనుడని మేము చెప్పుట లేదు. ఆ మద్యశాలలో తెఱచిన తలుపును చూడుడని మాత్రము చెప్పుచున్నాము. మన యిండ్లలో పెండ్లికి ముందు సంగీతము నేర్చి, పెండ్లితో వీణకు గవిసెన తొడిగిన స్త్రీ లెందఱు? వారి కళ మాసిపోయినది తెలివి లేక కాదు. వారమునకొక సాయంకాలము తమవంటివారితో కూర్చుండి పాడుకొను చోటు లేక. సభ యక్కఱలేదు, బిరుదు లక్కఱలేదు. ఒక చాప, ఒక శ్రుతిపెట్టె, ఇంత ఫలాహారము, తప్పు పాడినను మఱు వారము రమ్మను నోరు — ఇవి చాలును. మేరీ లూ విలియమ్స్ గారి గదిలో నుండినవి ఇంతకంటె ఎక్కువ కావు. ఏ వారమైనను సరియే. కాని ఆ వారము తప్పరాదు.